లాభమూ రావాలి, ఊరికి మేలూ జరగాలి: గుంటూరు, విజయవాడ యజమానుల ముందున్న నాలుగు దారులు

మార్చి నెలాఖరు దగ్గరపడేసరికి నా దగ్గరకు వచ్చే యజమానుల్లో ముగ్గురు నలుగురైనా ఒకే మాట అడుగుతారు. "ఈ ఏడు నాలుగు డబ్బులు మిగిలాయండి. ఏదన్నా మంచి పని చేద్దామనుకుంటున్నాం. ట్రస్టు పెట్టమంటారా?"

గుంటూరులో పాతికేళ్లుగా చిన్న, మధ్య తరహా పరిశ్రమల లెక్కలు చూస్తున్నాను. కారంపొడి మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగు మిల్లులు, ఆటోనగర్ వర్క్‌షాపులు, విజయవాడలో రెండు మూడు హోటళ్లు. ఆ ప్రశ్న అడిగేవాళ్లది నిజమైన కోరికే, అందులో నాకు అనుమానం లేదు. అయితే ట్రస్టు ఒక్కటే దారి అనుకుని వస్తారు. నిజానికి దారులు నాలుగున్నాయి. ఒకటి, లాభంలోంచి కొంత తీసి ట్రస్టు ద్వారానో నేరుగానో దానం చేయడం. రెండు, వ్యాపారం నడిచే తీరునే మార్చడం: జీతాలు, బీమా, కాలుష్యం, సరుకు ఇచ్చేవాళ్లకు చెల్లింపులు. మూడు, అమ్మే ధరలోనే సేవను కలపడం, అంటే ఉన్నవాడు కట్టిన డబ్బుతో లేనివాడికీ అదే సేవ అందించడం. నాలుగు, యాజమాన్యాన్నే మార్చడం, అంటే వాటాలు రైతుల చేతికో ట్రస్టు చేతికో వెళ్లడం.

ముందు ఏమేం చూడాలి

నేను ఐదు ప్రశ్నలు అడుగుతాను. లాభం పడిపోయిన ఏడాది కూడా ఈ మంచి పని నడుస్తుందా? మన వ్యాపారం వల్ల ఎవరికి ఇబ్బంది కలుగుతోందో ఆ మేలు వాళ్లకే చేరుతుందా? ఏటా ఎంత ఖర్చవుతుంది, అది ఏ ఖాతాలోంచి వస్తుంది? మనం తప్పుకున్నాక నిలుస్తుందా? చేశాక సరిపడకపోతే వెనక్కి రాగలమా?

వీటిలో రెండో ప్రశ్న అన్నిటికన్నా పెద్దదని నా నమ్మకం. ఎందుకో ఒక సంఘటన చెబితే తెలుస్తుంది.

కొన్నేళ్ల క్రితం ఒక కారంపొడి మిల్లుకు లెక్కల పని మీద వెళ్లాను. ఆఫీసు గదిలో గోడ నిండా ఫొటోలు: పిల్లలకు పుస్తకాలు పంచుతున్నవి, చలివేంద్రం ప్రారంభోత్సవం, అన్నదానం. పక్క షెడ్డులో ముప్పై మంది దాకా ఆడవాళ్లు నేల మీద కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ముక్కుకు చీర చెంగు, చేతులకు కొబ్బరినూనె, ఒళ్లో కాయల కుప్ప. కిలోకింత అని కూలి. తలుపు దగ్గర నిలబడిన రెండు నిమిషాలకే నాకు దగ్గు ఆగలేదు, కళ్లు మంట. వాళ్లు పొద్దుట్నించీ అక్కడే ఉన్నారు. వారం ముందు గ్రైండర్ దగ్గర ఒకామె చెయ్యి నలిగింది. హాజరు పట్టీలో ఆమె పేరే లేదు కాబట్టి ఈఎస్‌ఐ (పనివాళ్లకు ప్రభుత్వం నడిపే వైద్య బీమా) లేదు. తోటివాళ్లు తలా కొంత వేసుకుని ఆస్పత్రి ఖర్చు సర్దారు. ఆ ఏడాది ఆ మిల్లు దానాల ఖాతాలో ఉన్న మొత్తం, ఆ ముప్పై మందికీ ఏడాది పొడుగునా ఈఎస్‌ఐ కట్టడానికి సరిపోయేదానికన్నా ఎక్కువ. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఆ లెక్క నేనే వేసి చూసుకున్నాను. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు కదా. ఆ యజమాని చెడ్డవాడు కాదు, ఆయన పంచిన పుస్తకాలతో చదువుకున్న పిల్లలూ ఉన్నారు. ఆ షెడ్డు వైపు చూడమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పాల్సిన వాళ్లలో నేనూ ఉన్నాను.

నాలుగు దారులు ఒకచోట

| చూడాల్సింది | ట్రస్టు, దానం | నడిపే తీరు మార్చడం | ధరలోనే సేవ | యాజమాన్యం మార్చడం |
|---|---|---|---|---|
| లాభం తగ్గిన ఏడాది | ముందు ఆగేది ఇదే | ఆగదు, నెలవారీ ఖర్చులో భాగం | కట్టే ఖాతాదారులు ఉన్నంతకాలం నడుస్తుంది | ఆగదు |
| మేలు ఎవరికి | మీరు ఎంచుకున్నవారికి | పనివాళ్లకు, రైతులకు, చుట్టుపక్కల ఇళ్లకు | కొనలేని ఖాతాదారుకు | సభ్యులకు, లేదా ట్రస్టు ఆశయానికి |
| ఖర్చు | మీ ఇష్టం | మొదట ఎక్కువ, కొంత తిరిగి వస్తుంది | లెక్క తప్పితే మునుగుతాం | లాభం మీద హక్కు వదులుకోవడమే |
| మీ తర్వాత | వారసుల మీద ఆధారం | అలవాటైతే నిలుస్తుంది | సంస్థ బలంగా ఉంటే నిలుస్తుంది | గట్టిగా నిలుస్తుంది |
| వెనక్కి రావడం | సులువు | కష్టం, రాకూడదు కూడా | కష్టం | దాదాపు కుదరదు |

మొదటి దారి: ట్రస్టు, దానం

ఇందులో ఉన్న సుగుణం వేగం. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, పడవల్లో పాలు, నీళ్లు, అన్నం పొట్లాలు చేర్చిన వాళ్లలో మన వ్యాపారులు ఎందరో ఉన్నారు. అలాంటి వేళ చట్టాలు, సర్టిఫికెట్లు చూసుకుంటూ కూర్చోలేం. చేతిలో ఉన్నది ఇవ్వాలి, అంతే.

అదే వారంలో ఇంకోటి కూడా చూశాను. ఒక పక్క లారీల్లో పొట్లాలు పంపుతూ, మరో పక్క నీళ్లలో చిక్కుకుని పనిలోకి రాలేకపోయిన సొంత పనివాళ్లకు ఆ రోజుల జీతం కోసిన చోట్లున్నాయి. కోయాలని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. హాజరు పట్టీ ప్రకారం లెక్క తీశారు, అది కోసేసింది. జీతం కోయకుండా, పైగా నెల అడ్వాన్సు ఇచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఫొటోలు ఎక్కడా పడలేదు.

పన్ను సంగతి క్లుప్తంగా. 80జీ అనుమతి ఉన్న సంస్థకు ఇస్తే మామూలుగా ఇచ్చినదాంట్లో సగం మీద మినహాయింపు దొరుకుతుంది. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి అది వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న వ్యక్తులకు అసలు లేదు. పన్ను కోసమే ట్రస్టు పెడదామనుకుంటే ఆడిట్లు, రిటర్నులు, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణల కోసం పడే టెన్షన్‌కు తగ్గ లాభం ఉండదు. ఏటా పది లక్షల లోపు ఇచ్చేవాళ్లకు నా సలహా: సొంత ట్రస్టు వద్దు, ఇప్పటికే బాగా పనిచేస్తున్న సంస్థకు ఇవ్వండి.

మీది కంపెనీ అయితే ఒక గీత గుర్తుపెట్టుకోవాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేరినా సీఎస్‌ఆర్ (సమాజం కోసం కంపెనీ తప్పనిసరిగా పెట్టాల్సిన ఖర్చు) వర్తిస్తుందని ఆ సెక్షన్ చెప్పింది. అంతకుముందు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. సగటు 5 కోట్లయితే 10 లక్షలు. ప్రైవేట్ లిమిటెడ్‌కూ ఇది వర్తిస్తుంది, పార్ట్‌నర్‌షిప్‌కు వర్తించదు. ఇందులో ఒక నిబంధన నాకు చాలా నచ్చుతుంది: సొంత ఉద్యోగుల కోసం మాత్రమే పెట్టిన ఖర్చు సీఎస్‌ఆర్ కింద చెల్లదు. పనివాడి బాగోగులు చూడటం యజమాని బాధ్యత, దాన్ని దానం లెక్కలో రాసుకోకూడదని చట్టమే చెప్పినట్టయింది.

రెండో దారి: నడిపే తీరు మార్చడం

పదిమంది నుంచి రెండు వందల మంది దాకా పనివాళ్లున్న ఏ యూనిట్‌కైనా నేను మొదట చెప్పేది ఇదే. కాస్త వివరంగా చూద్దాం.

పనివాళ్లతో మొదలుపెడదాం. పదిమంది, ఆపైన పనివాళ్లున్న యూనిట్‌లో 21,000 లోపు జీతగాళ్లకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, పనివాడి వాటా 0.75 శాతం. నెలకు 12,000 చొప్పున ముప్పై మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరికి 390 రూపాయలు, నెలకు 11,700, ఏడాదికి లక్షా నలభై వేల నాలుగు వందలు. దీనికి బదులుగా కుటుంబానికి వైద్యం, జబ్బు పడితే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం, కాన్పుకు 26 వారాల సెలవు జీతం, పనిలో దెబ్బ తగిలితే కోలుకునేదాకా దాదాపు 90 శాతం జీతం. విజయవాడ గుణదలలో ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది. జిన్నింగు లాంటి సీజనల్ ఫ్యాక్టరీలకు నిబంధన వేరు కాబట్టి మీ యూనిట్ ఎందులోకి వస్తుందో ముందు చూసుకోండి. వర్తించనిచోట గ్రూప్ ప్రమాద బీమా అయినా తీసుకోండి.

అసలు చిక్కు చందాలో కాదు, పేరు రాయడంలో ఉంది. తొడిమలు తీసేవాళ్లను మేస్త్రి తీసుకొస్తాడు, కూలి మేస్త్రి చేతికే ఇస్తారు, మన పట్టీలో పేర్లుండవు. "వాళ్లు మా మనుషులు కాదండీ, మేస్త్రి మనుషులు" అనే మాట నేను వినని మిల్లు లేదు. మన షెడ్డులో, మన కాయ ఘాటు పీలుస్తూ, మన సరుకు మీద పనిచేసేవాళ్లు మన మనుషులే. ముందు పేర్లు రాయండి. కూలి నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాలోనే వేయండి.

తర్వాత ఘాటు. ఇక్కడ లాభమూ మేలూ ఒకే చోట కలుస్తాయి. గ్రైండర్ దగ్గర గాలిలోకి లేచేది దుమ్ము కాదు, మీరు అమ్మాల్సిన కారం. గాలిలోంచి పొడిని వేరుచేసి పట్టే సైక్లోన్, బ్యాగ్ ఫిల్టర్ పెడితే ఆ పొడి సంచిలోకి చేరుతుంది. పక్కింటివాళ్ల ఫిర్యాదులు ఆగుతాయి, లోపల ఊపిరి ఆడుతుంది. అమెరికాలో ఇంటర్‌ఫేస్ అనే కార్పెట్ కంపెనీ అధిపతి రే ఆండర్సన్ 1994లో పర్యావరణానికి హాని లేకుండా కంపెనీ నడపాలని నిశ్చయించుకున్నప్పుడు మొదట పట్టుకున్నది వ్యర్థాన్నే. పారేసేది తగ్గిన కొద్దీ ఖర్చూ తగ్గిందని, ఆ మిగులే మిగతా మార్పులకు పెట్టుబడి అయిందని ఆయన చెప్పేవారు. మన మిల్లుల్లోనూ ఆ లెక్క సరిపోతుంది.

కోల్డ్ స్టోరేజీ వాళ్లకు కరెంటే పెద్ద ఖర్చు. షెడ్డు పైకప్పు మీద ఒక కిలోవాట్ సోలార్‌కు దాదాపు వంద చదరపు అడుగులు పడుతుంది, రోజుకు నాలుగు యూనిట్లు వస్తుంది. వంద కిలోవాట్లు పెడితే ఏడాదికి లక్షా నలభై వేల యూనిట్ల పైచిలుకు. అయితే దానికన్నా ముందు అమ్మోనియా లీకును పసిగట్టే పరికరాలు, రాత్రి షిఫ్టు వాళ్లకు మాస్కులు, బయటపడే దారి చూసుకోండి. సోలార్ ప్యానెళ్లు రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడతాయి, అమ్మోనియా కవాటాలు కనబడవు. అందుకే మొదటిదానికి డబ్బు తేలిగ్గా దొరుకుతుంది.

రైతు సంగతి. కాయ కల్లాంలో మట్టి మీద ఆరితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, ఎగుమతి సరుకు వెనక్కి వచ్చేది అక్కడే. సీజన్‌కు ముందు మీకు కాయ తెచ్చే రైతులకు టార్పాలిన్ పట్టాలు ఇప్పించండి. తాలు కాయ తగ్గుతుంది, ధర పెరుగుతుంది, మీకు టిక్కీ (మిర్చి బస్తా) విప్పితే భయం ఉండదు. మందులు తగ్గించి పండించిన కాయకు క్వింటాకు కొంత ఎక్కువిచ్చి కొనడం ఇంకో మెట్టు. ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని నడిపే రైతు సాధికార సంస్థ గుంటూరులోనే ఉంది. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. దాన్ని పంచుకున్నవాటిలో ఈజిప్టుకు చెందిన సెకెమ్ కూడా ఉంది. ఇబ్రహీం అబూలేష్ 1977లో ఎడారి నేలను సాగులోకి తెచ్చి మొదలుపెట్టిన సంస్థ అది. మూలికలు, పత్తి అమ్ముకుంటూ, అదే నేల మీద పనివాళ్లకు బడి, వైద్యం నడిపింది. దేశాలు దాటి అలాంటివాళ్లతో సమానంగా నిలిచిన పని మన పక్క వీధిలో జరుగుతోంది, మన మిల్లుల్లో చాలామంది ఇంకా ఆ గడప తొక్కలేదు.

ఇక బకాయిలు. సంచులు కుట్టే చిన్న యూనిట్, జల్లెడలు చేసే ఆటోనగర్ వర్క్‌షాపు, వీళ్లకు నాలుగైదు నెలలు ఆపి ఇవ్వడం మన దగ్గర మామూలైపోయింది. ఉద్యమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు దాటి ఆపకూడదని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. టైముకు డబ్బివ్వడాన్ని ఎవరూ సమాజసేవ అనరు. ఆ వర్క్‌షాపులో ఆరుగురు కుర్రాళ్ల జీతం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ దారిలో లోపం కూడా చెప్పాలి. జీరో వ్యాపారం చేసే పోటీదారు పక్కనే ఉంటాడు. బిల్లు లేని సరుకు, పేరు లేని పనివాడు, ఫిల్టర్ లేని గ్రైండర్: కిలోకు వాడి ఖర్చు తక్కువే. మొదటి ఏడాది రెండేళ్లు మీ లాభం కొంత తగ్గుతుంది. స్థానిక చిల్లర మార్కెట్‌కే అమ్మేవాళ్లకు ఈ దెబ్బ ఎక్కువ, పెద్ద బ్రాండ్లకు, ఎగుమతికి ఇచ్చేవాళ్లకు తక్కువ. వాళ్ల కొనుగోలుదారులే ఇప్పుడు ఇవన్నీ అడుగుతున్నారు.

మూడో దారి: ధరలోనే సేవ

వైద్యం, చదువు, డయాగ్నస్టిక్స్ లాంటి రంగాలకు ఇది సరిపోతుంది, సరుకుల వ్యాపారానికి సరిపోదు. 1976లో మదురైలో డాక్టర్ వెంకటస్వామి 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆస్పత్రి పేరు చాలామంది వినే ఉంటారు. మన దగ్గరి ఉదాహరణ ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఆ సంస్థకు విజయవాడ తాడిగడపలో 2011 నుంచి ప్రాంగణం ఉంది. కట్టగలిగినవాళ్లు కడతారు, కట్టలేనివాళ్లకూ అదే డాక్టరు, అదే ఆపరేషన్. దానం ఆగిపోతే సేవ ఆగిపోయే పరిస్థితి ఉండదు.

కానీ ఇది నడవాలంటే కట్టేవాళ్లు మీ దగ్గరకే రావాలి, అంటే పనితనం ఊళ్లో మొదటి వరసలో ఉండాలి. వంద మందిలో ఎంతమంది కట్టనివాళ్లను మోయగలరో ముందే లెక్క వేసుకోవాలి. ఒక స్కూలు యజమానికి నేను చెప్పింది ఇదే: మొదటి ఏడాది పదిలో ఒక సీటుతో మొదలుపెట్టండి, ఆ పిల్లల పేర్లు అకౌంటెంటుకు తప్ప టీచర్లకు కూడా తెలియకూడదు.

నాలుగో దారి: యాజమాన్యం మార్చడం

ఇది పెద్ద అడుగు. టాటా సన్స్‌లో దాదాపు 66 శాతం వాటా టాటా ట్రస్టులదే. పటగోనియా బట్టల కంపెనీ వ్యవస్థాపకుడు ఇవాన్ షొయినార్డ్ 2022లో కుటుంబం వాటాలన్నీ ఒక ట్రస్టుకు, ఒక లాభాపేక్ష లేని సంస్థకు రాసిచ్చేశారు. మన ప్రాంతానికి దగ్గరి రూపం మాత్రం పాల సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు. విజయవాడలో కృష్ణా మిల్క్ యూనియన్, వడ్లమూడిలో సంగం డెయిరీ అలా నడుస్తున్నవే. పదిమంది రైతులు కలిస్తే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టవచ్చు. వాటాలు బయటివాళ్లకు అమ్మడానికి వీల్లేదు, వ్యక్తులే సభ్యులైనచోట వాటా ఎంత ఉన్నా ఓటు ఒక్కటే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, ముఖ్యంగా ఊళ్లో భూమి, బంధుత్వాలు ఉన్న యువతకు ఇది ఆలోచించదగ్గది. ఇప్పటికే నడుస్తున్న కుటుంబ వ్యాపారానికి మాత్రం నేను తొందరపడమనను. అన్నదమ్ముల మధ్య వాటాలే తేలనిచోట ట్రస్టు పేరు ఎత్తితే కోర్టుకే దారి తీస్తుంది. పిల్లలకు వ్యాపారం మీద ఆసక్తి లేదని తేలినప్పుడు, మీకు ఇంకా ఓపిక ఉన్నప్పుడు, వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాల్సిన విషయం ఇది.

సర్టిఫికెట్ల మాట

ఇవి దారులు కావు, దారిలో మైలురాళ్లు. ఐఎస్‌ఓ 14001 (పర్యావరణ నిర్వహణకు), బీ కార్ప్ (సమాజం, పర్యావరణం పట్ల కంపెనీ బాధ్యతకు) లాంటివి కొనేవాడు అడిగితే తీసుకోండి. చిన్న యూనిట్లకు కేంద్రం ఇచ్చే జెడ్ (సరుకులో లోపం, పర్యావరణానికి హాని లేకుండా తయారుచేయడానికి) సర్టిఫికెట్ చూడదగ్గది. ఫీజులో సూక్ష్మ సంస్థలకు 80 శాతం, చిన్నవాటికి 60 శాతం రాయితీ ఉంది.

మీరు ఎక్కడున్నారు?

పనివాళ్లు ఇరవై లోపు, లాభం అంతంతమాత్రం అయితే పేర్లు, ఈఎస్‌ఐ, ఘాటు, ఈ మూడే చాలు. దానాలు రెండేళ్లు పక్కన పెట్టినా మీ మీద ఏ పాపమూ ఉండదు.

కోల్డ్ స్టోరేజీ భాగస్వాములైతే భద్రత, ఆ తర్వాత సోలార్. అందరూ ఒప్పుకోరు కాబట్టి కరెంటు బిల్లు కాగితం ముందు పెట్టి మాట్లాడండి.

లాభం 5 కోట్లకు చేరువైన కంపెనీ అయితే సీఎస్‌ఆర్ గీత దాటకముందే రెండో దారి పూర్తి చేసుకోండి. దాటాక 2 శాతం మీద ఉండే హడావుడిలో షెడ్డు మళ్లీ మరుగున పడుతుంది.

ఆస్పత్రి, స్కూలు, ల్యాబ్ నడిపేవాళ్లు మూడో దారి చూడండి. నర్సులు, ఆయాల జీతాలు సరిగ్గా ఉన్నాకే.

అమ్మే వస్తువే మనిషికి హాని చేసేదైతే? పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం ఉన్న ఊరు మనది, ఆ పంట మీద బతికే కుటుంబాలు నాకూ తెలుసు. అక్కడ ఈ నాలుగు దారులూ పూర్తి జవాబు ఇవ్వవు. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు వచ్చిన లాభాన్ని వేరే పంటల వైపు, వేరే వ్యాపారం వైపు కొద్దికొద్దిగా మళ్లించాలనే నేను చెబుతాను. వినడానికి ఇబ్బందిగా ఉన్నా సరే.

మిర్చి మిల్లుల వాళ్లు మొదలుపెట్టాలంటే నవంబరు, డిసెంబరు మంచి సమయం. సంక్రాంతి దాటితే కొత్త కాయ యార్డుకు పోటెత్తుతుంది, మే దాకా ఎవరికీ ఊపిరి సలపదు. ఆ లోపే మేస్త్రిని పిలిచి, షెడ్డులో కూర్చునే ప్రతి మనిషి ఆధార్, బ్యాంకు ఖాతా తెప్పించండి. ఈఎస్‌ఐ నమోదు ఆన్‌లైన్‌లోనే అవుతుంది. ఫిల్టర్ బిగించేవాళ్లు కూడా ఆ నెలల్లోనే ఖాళీగా దొరుకుతారు.